దస్తగిరి ఫ్రిజ్ కొన్న ఎండాకాలం

రామన్నపేటలో ఎవరైనా కొత్త వస్తువు కొనాలనుకుంటే ఆ మాట ముందు దస్తగిరి మటన్ దుకాణంలో పడేది. వాళ్లు కూర కోసమే వచ్చేవాళ్లు. కానీ ఆయన మాట వినకుండా కూర దొరికేది కాదు. కత్తి ఆయన చేతిలో ఉండేది. ఎవరి కూరలో కార్జం ముక్క పడాలో, ఎవరికి బొక్కలు పడాలో ఆయన ఇష్టం. అందుకని కూర కొట్టే మొద్దు ముందు నిలబడ్డవాళ్లు ఆయన ఏం చెప్పినా తల ఊపేవాళ్లు. ఆ తల ఊపడం తన తెలివికి దక్కిన గౌరవమని దస్తగిరి చాలా ఏళ్లు నమ్మాడు. అది కార్జానికి దక్కిన గౌరవమని తెలియడానికి ఆయన ఒక ఫ్రిజ్ కొనాల్సి వచ్చింది.

ప్రెషర్ కుక్కర్ ఊర్లోకి వచ్చిన కొత్తలో దస్తగిరి తీర్పు ఇలా ఉండేది: "అది గిన్నె గాదు, ఈల ఏసే బాంబు. యాట కూర మంట మీద మెత్తగ ఉడకాలె గని, భయంతోటి ఉడకొద్దు." మిక్సీ వచ్చినప్పుడు, "రోట్లె నూరిన తొక్కుకు చేతి రుచి ఉంటది. మిక్సీల ఏసిన తొక్కుకు కరెంటు రుచి ఉంటది" అన్నాడు. టీవీ గురించైతే, "తెల్వనోళ్లు రోజూ మనింట్లకొచ్చి కూసుంటే ఊకుంటమా? మరి పైసలిచ్చి తెచ్చుకునుడేంది?" అని కత్తి ఆపి మరీ అడిగాడు. జనం నవ్వేవాళ్లు. నవ్వుతూ కూర తీసుకుని, ఇంటికెళ్లి కుక్కర్లో వండుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన ఇంట్లో ఉన్న యంత్రం ఒక్క రేడియో. అదీ చెంపదెబ్బ కొడితే తప్ప పలికేది కాదు.

ఒక ఆదివారం హైస్కూల్లో సోషల్ చెప్పే రఘుపతి సారు కూరకు వచ్చి, ఫ్రిజ్ కొనాలని ఉందని నోరు జారాడు. అప్పటికి ఊర్లో ఫ్రిజ్ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దస్తగిరి కత్తిని మొద్దులో దిగేసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"సారూ, సదువుకున్నోళ్లు మీరు గూడ గిట్లంటే ఎట్ల? ఫ్రిజ్ అంటే ఏంది? కూరకు సమాధి. పట్నం హోటళ్లల్ల ఎన్నడో కోసిన కూర దాంట్ల వెట్టి ఇయ్యాల్టిదని వండిపెడ్తరు. పైకి ఎర్రగ నవ్వుతది, లోపల ఎన్నడో సచ్చుంటది. పీనుగుకు పౌడర్ రాసినట్టు."

దుకాణం ముందున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. రఘుపతి సారు కూడా నవ్వాడు. ఫ్రిజ్ ఆలోచన మానుకున్నాడు. 'కూరకు సమాధి' అన్న మాట మాత్రం ఊరంతా తిరిగింది. ఛాయ్ హోటల్లో, బస్సు కోసం నిలబడ్డ చోట, ఎక్కడ ఫ్రిజ్ మాట వచ్చినా ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్లు. అలా అన్నారని తెలిసినప్పుడల్లా దస్తగిరి మీసం మీద చెయ్యి వేసుకునేవాడు.

ఆ ఏడు రంజాన్ నడి ఎండాకాలంలో వచ్చింది. నల్గొండలో ఉండే బామ్మర్ది నూరుద్దీన్ ఒకరోజు ఇఫ్తార్‌కు రమ్మని కబురు పెట్టాడు. దస్తగిరి, భార్య జులేఖా బస్సెక్కి పోయారు. నల్గొండ గుట్టల మీద నుంచి వచ్చే వేడిగాలికి పెదవులు పగిలిపోతున్నాయి. అజాన్ వినపడగానే ఖర్జూరపండు నోట్లో వేసుకున్నాక, బామ్మర్ది భార్య వాళ్ల ఫ్రిజ్ తెరిచి, ఒక గాజు గిలాసలో సబ్జాలు వేసిన నిమ్మకాయ షర్బత్ తెచ్చి ఇచ్చింది. గిలాస బయట అంతా చెమటలు పట్టి ఉంది. దస్తగిరి ఒక గుక్క తాగాడు.

ఆ చల్లదనం గొంతు దిగి, ఛాతీ దాటి, కడుపులోకి పోయేదాకా ఎక్కడెక్కడ పోతున్నదో ఆయనకు తెలుస్తూనే ఉంది. కళ్లు మూసుకున్నాడు. గిలాస ఖాళీ చేసి, రెండోది అడిగి, మూడోదానికి మొహమాటపడి, అది కూడా తాగాడు. పక్కనుంచి జులేఖా చూస్తూనే ఉంది.

"ఏమైంది? సమాధిల నీళ్లు రుచిగున్నయా?" అని మెల్లగా అడిగింది.

"కూరకు సమాధి అన్న. నీళ్లకు అన్ననా?" అన్నాడు దస్తగిరి.

తిరుగు బస్సులో ఆయన తన తీర్పుకు తానే ఒక సవరణ చేసుకున్నాడు. ఫ్రిజ్‌లో కూర పెట్టడం పాపం. నీళ్లు పెట్టడం పాపం కాదు. పైగా రోజా ఉపవాసం ఉన్న మనిషికి చల్లటి నీళ్లు ఇవ్వడం పుణ్యం. మరి పుణ్యం చేసే వస్తువును కొనకపోవడమే తప్పు. రామన్నపేట వచ్చేసరికి ఆయనకు ఫ్రిజ్ కొనడం ఒక బాధ్యతలా కనిపించింది. ఇంత గట్టి వాదన ఇంత తొందరగా తట్టిందంటే తన బుర్ర మామూలుది కాదని కూడా అనిపించింది.

పండగ వెళ్లిన కొద్ది రోజులకు ఊర్లో ఉండే కాలువల ఇంజినీరుకు బదిలీ అయింది. ఆయన ఇంటి సామాను అమ్ముతున్నాడని తెలిసి దస్తగిరి ముందుగా పోయి ఫ్రిజ్ మాట్లాడుకున్నాడు. లేత ఆకుపచ్చ రంగుది. భుజం ఎత్తుంది. మూలలు గుండ్రంగా, తలుపుకు తాళం, ఆ తాళానికి చిన్న తాళంచెవి.

దాన్ని తేవడానికి బీరప్ప ఎడ్లబండి కట్టుకొచ్చాడు. బీరప్పది పక్క ఊరు. గొర్లూ మేకలూ సాకుతాడు. దస్తగిరి దుకాణానికి పొట్టేళ్లు, మేకపోతులు ఇచ్చేది అతనే. ఇంజినీరు ఇంటి నుంచి దస్తగిరి ఇంటికి ఒక సందు దాటితే చాలు. అయినా దస్తగిరి బండిని బజారు వైపు తిప్పమన్నాడు.

"అన్నా, గీ సందుల పోతే అయిపాయె గద. బజార్ల నుంచెందుకు?" అన్నాడు బీరప్ప.

"సందుల గుంతలున్నయి. సామాను అదురుతది."

"బజార్ల లేవా గుంతలు?"

"ఉన్నయి గని, అవి మనకెరికైన గుంతలు. నువ్వు నడుపు."

బండి బజారులో పెండ్లి ఊరేగింపులాగా నడిచింది. దస్తగిరి పక్కన నడుస్తూ, అది పడిపోతుందేమోనన్నట్టు ఒక చెయ్యి దాని మీద వేసి ఉంచాడు. అది పడిపోయే స్థితిలో లేదు. రెండు తాళ్లతో కట్టేసి ఉంది. అడిగినవాళ్లకు చెప్పాడు, అడగనివాళ్లకు ఇంకా ఎక్కువ చెప్పాడు. కిరాణా కొట్టు ముందు, బట్టల దుకాణం ముందు ఎడ్లకు నీళ్లు తాపాలని బండి ఆపించాడు. ఆ ఎడ్లు ఆరోజు తాగినన్ని నీళ్లు వాటి జన్మలో తాగి ఉండవు. తర్వాత రోజుల్లో ఈ ఊరేగింపు గుర్తొచ్చినప్పుడల్లా దస్తగిరి తన నెత్తి మీద తానే ఒకటి మొట్టుకునేవాడు. ఊర్లో ఒక్కరికీ తెలియకుండా ఇంటికి చేరగలిగే వస్తువును, ఒక్కరూ మిగలకుండా అందరికీ చూపించి తెచ్చుకున్నాడు.

దుకాణాన్ని ఆనుకుని ఉన్న ఇంట్లో ఆయన తల్లి ఇక్బాల్ బీ ఫ్రిజ్ చుట్టూ ఒకసారి తిరిగింది.

"గింత పెద్ద బీరువ కొన్నవు, బట్టలు తగిలేసే కట్టె లేదేందిరా?" అంది. తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుంది. కానీ సాయంత్రానికల్లా ఆమె చెంబు అందులోకి చేరింది.

ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే దస్తగిరి తెల్లవారుజాము ఫజర్ నమాజ్ కాగానే రెండు మేకపోతుల్ని కోసి వేలాడదీశాడు. కత్తి నూరుకుని నిలబడ్డాడు. జనం వచ్చారు. వచ్చి, కొంచెం దూరంలో నిలబడి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఊరి ఆ కొసన ఉన్న బషీర్ మటన్ దుకాణం వైపు నడిచారు. ఏమైందో ఆయనకు అర్థం కాలేదు.

అంతలో గుర్వమ్మ వచ్చింది. గుర్వమ్మ పాలు, పెరుగు, సల్ల ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. అరవై దాటినా నిటారుగా నడుస్తుంది. ప్రతి ఆదివారం తొలి బేరం ఆమెదే. ఆమె వేలాడుతున్న కూర దగ్గరికొచ్చి వాసన చూసింది.

"గిది ఎప్పటిది?"

"ఎప్పటిదేంది పెద్దమ్మా! పొద్దుగాల కోసిన. ముట్టి చూడు, ఇంకా వెచ్చగనే ఉంది."

"వెచ్చగ జేసుడు ఎంతసేపు? జరసేపు ఎండల వెడ్తే వెచ్చగాదా?"

"ఎండల నేనెందుకు పెడ్త?"

"సల్లవెట్టినోడివి ఎండవెట్టవా?" గుర్వమ్మ కొంగు బిగించుకుంది. "మీ ఇంట్ల ఫ్రిజ్ దిగిందట గద. ఊరంత చూసిండ్రు. మరి నువ్వే అంటివి, కూరకు సమాధి అని. పైకి ఎర్రగ నవ్వుతది, లోపల ఎన్నడో సచ్చుంటది అని. నీ మాట మీదున్న గౌరవంతోనే పోతున్న కొడకా. ఏమనుకోకు."

అని ఆమె కూడా బషీర్ దుకాణం వైపే పోయింది.

దస్తగిరి కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఫ్రిజ్ నీళ్లకోసమేనని ఆరోజు ఎంతమందికి చెప్పాడో! "నీళ్లకు కుండ లేదా?" అని ఒకరు, "గింత పెద్దదా?" అని ఒకరు. ఎవరూ కోపంగా అనలేదు. అందరూ ఆయన్ను ఓదార్చినట్టే అన్నారు. మటన్ అమ్మే మనిషి ఇంట్లో ఫ్రిజ్ ఉంటే మిగిలిన కూర ఎక్కడికి పోతుందో ఎవరైనా చెప్పగలరు. బషీర్ గనక ఫ్రిజ్ కొని ఉంటే తాను ఏమనేవాడో దస్తగిరికి తెలుసు. వీళ్లందరికన్నా బాగా అనేవాడు. ఆ మాటలు కూడా ఒకటి రెండు ఆయనకు అక్కడికక్కడే తట్టాయి. మంచివే తట్టాయి. అదే ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది.

దారిన పోయే పొరుగూరివాళ్లకు ఒకటి అమ్ముడుపోయినా, మధ్యాహ్నానికి ఇంకో మేకపోతు అలాగే మిగిలింది. ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమని చప్పుడు చేస్తూ నిలబడి ఉంది. ఆయన జీవితంలో మొదటిసారి ఫ్రిజ్ అవసరం వచ్చిన రోజున దాంట్లో ఒక్క ముక్క పెట్టే ధైర్యం లేకపోయింది. "ఒక్క తునక గూడ దాంట్ల వెట్టొద్దు" అని ఇంట్లో గట్టిగా చెప్పి, మిగిలిన కూరంతా చుట్టాలకు, ఇరుగుపొరుగుకు పంచిపెట్టాడు. ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లు వాసన చూసే తీసుకున్నారు.

మంగళవారం వారపు అంగడి. ఊర్లో జనం ఉంటారు. ఇదే సమయమని దస్తగిరి ఛాయ్ హోటల్లో కూర్చున్న రఘుపతి సారును పట్టుకున్నాడు.

"సారూ, మీరొచ్చి మీ కండ్లతోని చూడుండ్రి. మీరు చెప్తే ఊరు నమ్ముతది."

సారుకు అలాంటి పిలుపులు ఇష్టం. లేచి వచ్చాడు. ఆయన వెనక పనీపాటా లేనివాళ్లు కొందరు వచ్చారు. అంగడికి మేకపిల్లను తోలుకొచ్చిన బీరప్ప కూడా ఆ మేకపిల్లతో సహా వచ్చాడు. దస్తగిరి అందర్నీ ఇంట్లోకి తీసుకుపోయి, ఫ్రిజ్ ముందు నిలబెట్టి, తాళం తీసి, తలుపు బార్లా తెరిచాడు. లోపల దీపం వెలిగింది. పై అరలో నీళ్ల సీసాలు తళతళలాడుతున్నాయి.

"చూసిండ్రా! నీళ్లు. ఒట్టి నీళ్లు."

సారు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. "గా కింద గిన్నెల ఏంది దస్తగిరీ?"

దస్తగిరి అప్పుడే ఆ గిన్నెను చూశాడు. మూత పెట్టిన సత్తు గిన్నె. "అదా? నిమ్మకాయలు గావచ్చు సారూ" అన్నాడు. సారు మూత తీశాడు. అందులో కార్జం ఉంది.

"ముట్టకుండ్రి! ముట్టకుండ్రి!" అంటూ లోపలి నుంచి ఇక్బాల్ బీ పరుగులాంటి నడకతో వచ్చింది. "అది మా వాని కోసం తీసిపెట్టిన. ఆదివారం కార్జం. వానికి పానం గదంటె. అంత పంచిపెడ్తుంటే చూడలేక దాసిన." తర్వాత గిన్నె ఎత్తి సారు ముక్కు దగ్గర పెట్టింది. "చూడు సారూ, ఆదివారంది మంగళారం దాంక జర్రంత వాసన రాలే. ఎంత మంచి బీరువ! మీరు గూడ ఒకటి కొనుండ్రి."

సారు గొంతు సవరించుకుని, పని ఉందని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఆయన వెనకే పోయారు. ఆఖర్న బీరప్ప మేకపిల్లను ఎత్తుకుంటూ, "అన్నా, సందుల నుంచి పోదమంటే ఇనకపోతివి" అన్నాడు.

ఆ వారమంతా రఘుపతి సారు ఎక్కడ కూర్చుంటే అక్కడ, "నేను కండ్లార చూసిన" అని చెప్పాడు. అబద్ధం చెప్పలేదు గనుక ఆయన్ను ఏమనడానికీ లేదు.

దుకాణం ముందు ఈగలు తప్ప ఎవరూ లేని ఒక పొద్దున జులేఖా మొగుడి పక్కన కూర్చుంది. ఆమె మాటకు ముందు ఎప్పుడూ కొంచెంసేపు ఊరుకుంటుంది. దస్తగిరికి ఆ అలవాటు లేదు గనుక ఆ ఊరుకోవడం అంటే భయం.

"నువ్వు చెడ్డగ చెప్పినప్పుడు ఊరంత నమ్మింది" అంది. "ఇప్పుడు మంచిగ చెప్తే ఒక్కలు నమ్ముతలేరు. ఇగ నువ్వు చెప్పుడు బంద్ వెట్టు. వేరేటోళ్లతోని చెప్పియ్యి."

"ఎవరితోని?"

"ఎవరు నీ మొఖం మీదనే చెప్పి వాపసు పోయిండ్రో, ఆళ్లతోనే."

దస్తగిరి ఫ్రిజ్ తాళంచెవి తీసుకుని గుర్వమ్మ ఇంటికి పోయాడు. ఆమె బర్రెకు కుడితి పెడుతోంది. విషయం విని, "నేనేమన్న నీ ఫ్రిజ్‌కు అత్తనా, తాళాలు నా కొంగుకు కట్టుకునేటందుకు?" అంది. అయినా తాళంచెవి తిప్పి తిప్పి చూసి, కొంగున ముడివేసుకుంది. ఊరికి న్యాయం చెప్పే పని ఎవరికి చేదు?

అప్పట్నుంచి శనివారం సాయంత్రం గుర్వమ్మ వచ్చేది. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ బయట పెట్టించేది. అరలన్నీ చేత్తో తడిమి, పైన ఐసుపెట్టెలో కూడా చెయ్యి పెట్టి చూసి, తాళం వేసుకుని పోయేది. ఆదివారం పొద్దున దుకాణం పక్కన నిలబడి, కొంగుముడి అందరికీ చూపించి, "తాళం నా తాననే ఉంది. తీస్కపోండ్రి" అనేది. ఆమె మొహం చూసి అనుమానించే ధైర్యం ఎవరికీ లేదు. కూర అమ్ముడుపోయాక ఫ్రిజ్ తెరిచి, తాళంచెవి మళ్లీ కొంగున కట్టుకుని పోయేది. జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. దస్తగిరి ఆమెకు అడగకుండానే కార్జం వేసేవాడు. తన పరువు ఇప్పుడు ఇంకొకరి కొంగుముడిలో ఉందని తెలిసినా, ఉన్నచోట భద్రంగా ఉందిగదా అని సర్దుకున్నాడు. శనివారం రాత్రీ ఆదివారం పొద్దునా తన ఫ్రిజ్‌లో నీళ్లు తనకే దొరికేవి కావు. కుండనీళ్లు తాగుతూ ఆ మాట ఎవరికి చెప్పుకుంటాడు?

ఇది ఎక్కువ రోజులు సాగలేదు. ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, గుర్వమ్మ పెరుగు గంపతో నేరుగా దుకాణానికి వచ్చింది. గంప దించి, కొంగుముడి విప్పి, తాళంచెవి మొద్దు మీదకు విసిరింది.

"తీస్కో నీ తాళం! నీ మంచికి మన్నువడ! నా పెండ్లైనకాడికెల్లి పెరుగు అమ్ముతున్న, ఒక్కలు మాటనలే. ఇయ్యాల పటేలు కోడలు గిన్నెల వేలువెట్టి, 'గింత సల్లగున్నదేంది గుర్వమ్మా?' అంటది. కుండల పెరుగు సల్లగుండక కాలుతదా? ఫ్రిజ్ తాళం నా తాన ఉందంటే నిన్నటి పెరుగు దాంట్ల దాసిపెడ్తున్ననట! నాలుగిండ్లు వద్దన్నరు. నాలుగిండ్లు!"

"పెద్దమ్మా, తప్పు నీది గాదు. నా నోరే..."

"నీ నోటికి తాళమేసి ఆ చెవి నాకియ్యకపోతివి!"

ఇంకా ఏదో అనబోయి గుర్వమ్మ అరుగు మీద కూలబడిపోయింది. మొహం ఎర్రగా కంది ఉంది. నోరు ఎండిపోయి మాట రావడం లేదు. జులేఖా లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి, గిలాస నోటికి అందించింది. గుర్వమ్మ కళ్లు మూసుకుని గటగటా తాగింది. ఆపింది. గిలాస వైపు చూసింది. బయట చెమటలు పట్టి ఉన్న ఆ గిలాసను చెంపకు ఆనించుకుంది.

"ఇంకో గిలాస పొయ్యి" అంది.

రెండోది మెల్లగా తాగింది. దస్తగిరి ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నాడు.

"గివి దాంట్లయేనా?" అని అడిగింది చివరికి.

"దాంట్లయే" అంది జులేఖా.

గుర్వమ్మ రోడ్డు మీద ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. తర్వాత గంప ఎత్తుకుంటూ, "ఎవ్వరికి చెప్పకుండ్రి" అంది. తాళంచెవి మాత్రం మొద్దు మీదే వదిలేసి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వెనక సందులోంచి వచ్చి పెరటి తలుపు కొట్టింది. ఎండ తగ్గేదాకా కూర్చుని, నీళ్లు తాగి పోయింది. ఆ మర్నాడు ఆమె వెంట ఆమె కోడలు వచ్చింది. తర్వాత పక్కింటి నాగులమ్మ. తర్వాత ఎవరెవరో. ప్రతి ఒక్కరూ పెరటి తలుపు నుంచే రావడం, ప్రతి ఒక్కరూ పోతూ పోతూ "ఎవ్వరికి చెప్పకు" అనడం. ఇక్బాల్ బీ గిలాసలు కడగలేక, ఎవరి గిలాస వాళ్లే తెచ్చుకోమంది. ముందు వైపు మాత్రం అన్నీ ఎప్పటిలాగే జరిగేవి. దుకాణానికి వచ్చి, "ఫ్రిజ్‌ది గాదు గద?" అని అడిగేవాళ్లు. దస్తగిరి "గాదు" అనేవాడు. అప్పుడు కూర తీసుకునేవాళ్లు. గుడిలో గంట కొట్టినట్టు, ఆ ప్రశ్న అడగనిదే బేరం మొదలు కాదన్నట్టు అయింది.

ఒకరోజు దస్తగిరి దుకాణం మూసి వెనక నుంచి ఇంట్లోకి వస్తుంటే, కోళ్ల గూడు చాటున గొంతుక్కూర్చుని ఎవరో నీళ్లు తాగుతున్నారు. పంచె, కళ్లద్దాలు. రఘుపతి సారు.

"సారూ!"

సారుకు పొరబోయింది. దగ్గి దగ్గి, "గొంతు నొప్పి దస్తగిరీ. సల్లటి నీళ్లు తాగుమన్నరు" అన్నాడు.

"గొంతునొప్పికా?"

"కొత్త రకం నొప్పి" అన్నాడు సారు. ఖాళీ గిలాస జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

దస్తగిరికి నెలన్నర నుంచి లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి పొంగింది. బజారు మధ్యలో నిలబడి, 'కండ్లార చూసిన' అని తాను కూడా అరవాలనిపించింది. ఏమని అరవాలో కూడా సిద్ధమైపోయింది. చాలా బాగా కుదిరింది మాట. ముందు గది దాకా వచ్చాడు. జులేఖా గడపకు అడ్డంగా నిలబడింది.

"ఎటు?"

"జర బజార్ల పనుంది."

"ఏం పని గాదు. ఆ మాట నీ మొఖంల కనవడ్తనే ఉంది. మింగెయ్యి."

"ఊరంత నన్ను పీనుగులు అమ్మెటోన్ని జేసిండు గదనే!"

"నువ్వు చేసుకున్నవు. ఆయన చూసింది చెప్పిండు, అంతే." తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "మన నీళ్లు తాగినోళ్లు మన కూరను ఎన్ని దినాలని తిడ్తరు? గొంతు సల్లవడ్డంక తిట్టనీకె గూడ బద్దకమైతది. ఊకో."

దస్తగిరి ఊరుకున్నాడు. అది ఆయన జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. మంచి మాట ఒకటి నాలుక చివర పెట్టుకుని, దాన్ని అలాగే మింగి, భోజనానికి కూర్చున్నాడు. అన్నం సరిగా దిగలేదు. కానీ ఆశ్చర్యంగా, తెల్లవారి లేచేసరికి ఆ మాట సగం మర్చిపోయాడు. మిగతా సగం అంత గొప్పగా కూడా అనిపించలేదు.

జులేఖా చెప్పినట్టే అయింది. తొలకరి పడేనాటికి దుకాణం ముందు ఎప్పటి మంది అప్పటిలాగే నిలబడ్డారు. "ఫ్రిజ్‌ది గాదు గద" అన్న ప్రశ్న మెల్లగా అరిగిపోయి, "గాదు గద" అయి, ఆఖరికి ఒక తల ఊపుగా మిగిలింది. గుర్వమ్మకు వద్దన్న నాలుగిళ్లలో మూడు తిరిగొచ్చాయి. పటేలు కోడలు మాత్రం సొంతంగా బర్రెను కొనుక్కుంది. ఆమె అంత దూరం పోతుందని ఎవరూ అనుకోలేదు.

మరుసటి ఎండాకాలం వచ్చేసరికి ఫ్రిజ్ దస్తగిరిది కాకుండా పోయింది. గుర్వమ్మ చిక్కటి పాలు తెచ్చేది. జులేఖా వాటిని యాలకులు, చక్కెర వేసి కాచి, చల్లార్చి, చిన్న గిలాసల్లో పోసి, మధ్యలో వెదురుపుల్ల గుచ్చి ఐసుపెట్టెలో పెట్టేది. సాయంత్రం పెరటి తలుపు దగ్గర అమ్మేవాళ్లు. ఇద్దరూ చెరి సగం పంచుకునేవాళ్లు. పెరుగు ఫ్రిజ్‌ది అయితే వద్దన్న ఊరే, పాల ఐసు కోసం వరస కట్టింది. ఇక్బాల్ బీ కుర్చీ వేసుకుని, ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పేది. కింది అరల్లో మరుసటి వంతు కోసం కాచి చల్లార్చిన పాల గిన్నెలు నిండాయి. దస్తగిరి నీళ్ల సీసా ఒకరోజు బయట కిటికీలో కనిపించింది. అడిగితే, "జాగా లేదు" అంది జులేఖా.

ఒక సాయంత్రం ఆయన దుకాణం కడిగేసి, వెనక వైపు వచ్చి, భార్య పక్క నుంచి చెయ్యి చాపాడు. గుర్వమ్మ ఆ చేతి మీద ఒకటి కొట్టింది.

"ఇంటోడివైతే ఏంది? వరసల నిలవడు."

దస్తగిరి వెళ్లి వరసలో నిలబడ్డాడు. ఆయన ముందు రఘుపతి సారు ఉన్నాడు. సారు అప్పటికే ఒక ఐసు చీకుతూ రెండోదానికి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, పాలు కారుతున్న గడ్డాన్ని తుడుచుకుంటూ అన్నాడు:

"ఐసు గొంతుకు మంచిది గాదు దస్తగిరీ. నేను మొదటిసంది చెప్తనే ఉన్న. ఈ సల్లటి వస్తువులన్ని ఒంటికి పడయి."

"అవు సారూ" అన్నాడు దస్తగిరి.

చెప్పాలంటే చాలా ఉంది. కానీ ముందు ఇంకా ముగ్గురున్నారు, ఐసులు ఎన్ని మిగిలాయో ఇక్కడి నుంచి కనపడటం లేదు. ఆయన మునివేళ్ల మీద లేచి లోపలికి చూశాడు.